మా ఇద్దరి మధ్య కూర్చున్న మేనత్త

మొన్న శనివారం తెల్లవారగానే మా మేడ మీద అద్దెకుండే కుర్రవాడు మెట్లు దిగి వచ్చి, రెండు రోజులు ఊళ్ళో ఉండడం లేదనీ, నీళ్ళ మోటారు కాస్త చూసుకోమనీ చెప్పి, నేను అడగకుండానే, "గర్ల్‌ఫ్రెండ్‌తో గండికోట పోతాండా సార్, వారమంతా ఆఫీసులో తల వాచిపోయిండాది" అని నవ్వాడు. గేటు బయట బండి పక్కన నిలబడిన ఆ అమ్మాయి నాకు నమస్కారం పెట్టింది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయాను. పాలవాడు రాలేదని చెప్పినంత మామూలుగా ఆ మాట చెప్పి వెళ్ళాడని నాకు కోపం రాలేదు. కాస్త ఈర్ష్య కలిగిందంటే నా వయసువాళ్ళు అర్థం చేసుకుంటారు. మా రోజుల్లో కర్నూలులో ఆ మాటే లేదు. ఉన్నదల్లా 'ఆ నర్సమ్మ' అనే మాట, అది కూడా మా మిల్లులో వాళ్ళు నా వెనక గొంతు తగ్గించి అనుకునేది.

నేను అప్పుడు ఒక వేరుశనగ నూనె మిల్లులో గుమాస్తాను. యంత్రంలో చెయ్యి నలిగిన కూలీ ఒకాయనను ఆసుపత్రికి తీసుకువెళ్ళిన రోజున కట్టు కట్టిన నర్సు ఆమె. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే, కోడుమూరులో ఉండే మేనత్త, బిడ్డలు లేని వితంతువు, కూలికి పోయి ఆమెను చదివించింది. వాళ్ళది తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం. మాది నందికొట్కూరు దగ్గర సేద్యం చేసుకునే హిందువుల ఇల్లు. పెళ్ళి మాట ఎత్తితే మా నాయన నాలుగు రోజులు చేను చుట్టూ తిరిగి, చివరికి, పిల్ల తరఫువాళ్ళు ఒప్పుకుంటే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. పిల్ల తరఫువాళ్ళంటే మేనత్త ఒక్కతే. ఆ మేనత్త మనసులో నంద్యాల వైపు బడిపంతులు ఒకాయన అప్పటికే కుదురుగా కూర్చుని ఉన్నాడు.

ఆ ఏడు వానలు ముదిరేసరికి ఊళ్ళో విషజ్వరాలు వచ్చాయి. ఆమెకు పిల్లల వార్డులో డ్యూటీ వేశారు, అక్కడ రోజూ ఎవరో ఒక బిడ్డ పోయేది. తుంగభద్ర ఒడ్డున సాయంత్రాలు కలుసుకున్నప్పుడు గలగలా మాట్లాడే మనిషి, ఆ వార్డులోకి వెళ్ళిన తరువాత ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఏమడిగినా తల ఊపి ఊరుకునేది. ఒకరోజు మాత్రం, నా వైపు చూడకుండానే, "నాకు మనుషుల్ని చూస్తానే విసుగొస్తాంది. పని మానేసి అత్త దగ్గరికి పోతా. అత్త ఎవుర్ని చూపిస్తే వాళ్ళని చేసుకుంటా" అంది. కోపంతో అని ఉంటే బతిమాలుకునేవాడిని. ఆ గొంతులో కోపం కూడా లేదు. అందుకే భయమేసింది. ఏం చెయ్యాలో తోచక, శ్రీశైలం డ్యాము గేట్లు ఎత్తారట, చూసి వద్దామా అన్నాను. ఇద్దరమే పోతే అత్త నరుకుతుందని ఆమె అంటే, అయితే అత్తనే తీసుకుపోదాం అని నా నోటి నుంచి ఎలా వచ్చిందో వచ్చింది.

మేనత్త ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. డ్యాము కాలనీ సున్నిపెంటలో ఆమె చర్చికి చెందిన ఒక కుటుంబం ఎప్పటినుంచో రమ్మని పిలుస్తోందట. నన్ను దగ్గరగా కూర్చోబెట్టుకుని చూడాలన్న కోరిక కూడా ఆమెకు ఉండి ఉంటుంది. శనివారం ఉదయం కర్నూలు బస్టాండులో తెల్ల చీరలో, చంకన సంచితో దిగింది. ఆ సంచిలో బైబిలు, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, ఎర్రకారం. శ్రీశైలం బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దొరికితే, పిల్లను కిటికీ వైపుకు తోసి, నన్ను ఈ చివర కూర్చోబెట్టి, తాను మధ్యలో గోడలాగా కూర్చుంది. ఆత్మకూరు దాటేదాకా ప్రశ్నలే. సారాయి తాగుతావా, మీ అమ్మకి కోపమెక్కువా, పెండ్లయినాక నా బిడ్డని మీ గుళ్ళ చుట్టూ తిప్పుతావా. ఆమె ప్రార్థనకు నేను అడ్డం రాను, నా గుడికి నేను పోతాను అన్నాను. "అందురూ ముందర అట్లే అంటారప్పా" అని ఆమె కిటికీలోంచి అడవి వైపు చూసింది.

ఘాటు మలుపులు మొదలయ్యాక ఆమె ప్రశ్నలు ఆగిపోయాయి. ముఖం పాలిపోయింది. కిటికీ దాకా వంగేలోపే, నేను ఆ ప్రయాణం కోసమని కుట్టించుకున్న తెల్లచొక్కా మీద భళ్ళున వాంతి చేసుకుంది. డ్రైవరు బస్సు ఆపాడు. వానాకాలం కాబట్టి కొండ మీద నుంచి రోడ్డు పక్కకు నీళ్ళు జారుతున్నాయి. ఆమెను ఒక రాయి మీద కూర్చోబెట్టి, దోసిళ్ళతో నీళ్ళు తెచ్చి ముఖం కడిగి, కొంగు జాడించాను. ఆ తరువాత చొక్కా విప్పి పిండుకుంటూ బనీనుతో నిలబడి ఉంటే, బస్సు మెట్టు మీద నుంచి నవ్వు వినిపించింది. వారాల తరువాత విన్న నవ్వు. మేనకోడలు ఆపుకోలేక, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. మేనత్త మాత్రం తల మీద కొంగు కప్పుకుని, సున్నిపెంట చేరేదాకా నా ముఖం చూడలేదు. ఇక అంతే అనుకున్నాను.

వాళ్ళిద్దరూ ఆ కుటుంబం ఇంట్లో ఉన్నారు, నేను సత్రంలో పడుకున్నాను. ఆదివారం పొద్దున్నే మల్లన్న దర్శనం చేసుకుని, కాలనీకి వచ్చి, వాళ్ళ ప్రార్థన అయ్యేదాకా చర్చి బయట నిలబడ్డాను. ముగ్గురం కలిసి డ్యాము దగ్గరికి దిగాం. దూరం నుంచే భూమి అదురుతున్నట్టు చప్పుడు. మలుపు తిరగగానే గేట్ల నుంచి దూకే నీళ్ళు, లోయ నిండా పొగలాగా తుంపర. మేనత్త నిలబడిపోయింది. గొడుగు విప్పబోతే నా చెయ్యి తోసేసింది.

"ఓ ప్రభువా, ఇన్ని నీళ్ళు ఈడ పెట్టుకోని, మమ్మల్ని కోడుమూర్లో బిందెలు పట్టుకోని తిప్పినావా!" అని గట్టిగా అరిచింది. ఆ అరుపులో నిష్ఠూరమే ఉంది గాని, ముఖం పైకెత్తి, నోరు తెరిచి, ఆ తుంపరను చిన్నపిల్లలాగా మింగుతోంది. ఆమె చెయ్యి పట్టుకుని మేనకోడలు కూడా తడిసిపోయింది. ఎన్ని పసిముఖాలను గుండెలో మోస్తూ వచ్చిందో, ఆ చప్పుడులో ఎవరికీ వినిపించదనుకుందేమో, అత్త భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది. నేను కొంచెం ఎడంగా నిలబడ్డాను. తరువాత ఏటిగట్టున పూరిపాక కొట్లో వేయించిన చేపలు తిన్నాం. మేనకోడలు రెండోసారి వడ్డించుకోవడం చూసి నాకు కడుపు నిండిపోయింది.

తిరుగు బస్సులో సీటు దగ్గరికి రాగానే మేనత్త ముందుగా జరిగి కిటికీ పక్కన కూర్చుంది. మళ్ళీ వాంతొస్తుందట, గాలి కావాలట. మేనకోడలు మధ్యలో కూర్చోవలసి వచ్చింది. ఘాటు దిగుతుండగా మేనత్త అడవిలోకి చూస్తూనే, "అంత కక్కినా పిల్లోడు మొగం చిట్లించల్యా పాపా" అంది. నంద్యాల పంతులు మాట మళ్ళీ ఆమె నోట రాలేదు.

సోమవారం ఆమె అదే వార్డుకు వెళ్ళింది. జ్వరాలు తగ్గలేదు, మంచాలు ఖాళీ కాలేదు. కానీ మంచం దగ్గర నిలబడి పిల్లలతో మళ్ళీ మాట్లాడుతోందని తోటి నర్సు చెప్పింది. ప్రయాణం మన కష్టాన్ని ఎక్కడా దింపి రాదు. దాన్ని ఎత్తుకోవడానికి కాస్త బలమిచ్చి పంపుతుంది, అంతే. మరుసటి ఏడు కోడుమూరు చర్చిలో పెళ్ళయింది, మా ఊళ్ళో భోజనాలు పెట్టారు. మేనత్త చివరి రోజులు మా ఇంట్లోనే గడిపి, వచ్చినవాళ్ళందరికీ ఆ నీళ్ళ సంగతి చెప్పి, ఏళ్ళ క్రితం వెళ్ళిపోయింది.

ఇప్పుడు రోడ్లు బాగుపడ్డాయి, కార్లు వచ్చాయి. పిల్లలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది మంచిదే. గేట్లు ఎత్తిన రోజున మా ఆవిడ మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని ఫోనులో ఆ నీళ్ళు చూస్తుంది. "రా, నువ్వూ చూడు" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. నీళ్ళు అవే, చప్పుడు కూడా కొంత వినిపిస్తుంది. చూసినంతసేపు చూసి ఫోను పక్కన పెట్టి, చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటుంది. తుంపర తగలని ఆ చేతులు పొడిగా ఉంటాయి. అప్పుడు ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని, మధ్యలో మేనత్తకు చోటు వదిలినట్టు కాస్త ఎడంగా జరిగి కూర్చుంటాం.