గుప్పిట్లో పొగ

మా కారు నల్లపొగ వదులుతోందని మొదట కనిపెట్టింది మా ఆవిడ. గవర్నర్‌పేటలో మా సందు ఎంత ఇరుకంటే, నేను పొద్దున బండి స్టార్టు చేస్తే ఎదురింటివాళ్ళు ఆరేసిన బట్టలు లోపలికి తీసుకుపోతారు. "కర్టెన్లకి పెట్రోలు కంపు పట్టేసింది. ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ ఇస్తుంటే బంకులో కూర్చున్నట్టు మొహం పెడుతున్నారు" అంది. ఆ కారు విషయంలో మాట్లాడే హక్కు నాకు ఎప్పుడో పోయింది.

అది బ్రిటిష్‌వాళ్ళు చేసిన పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, గుడ్డ టాపు, ఇంజను పక్కన రెండు కార్బురేటర్లు. గాలి ఎంత, పెట్రోలు ఎంత అని పాళ్ళు కలిపేది అవే. పెట్రోలు పాలు ఎక్కువైతే నల్లపొగ, కళ్ళు మండే ఘాటు, మసిబట్టిన ప్లగ్గులు. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు ఇలాంటి బండి పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమేనని తెలుసు. తెలిసే పెట్టుకున్నాను.

పుస్తకం ముందేసుకుని నా చేతనైనంత చేశాను. ఎయిర్ ఫిల్టర్లు విప్పి దులిపాను. చోక్ తీగ ఎక్కడైనా పట్టేసిందేమో చూశాను, లేదు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, దానికి పాత రబ్బరు ఉబ్బుతుందని ఎవరో అంటే, పెట్రోలు ఆపే సూదులు కూడా కొత్తవి తెప్పించి వేశాను. పొగ పొగలాగే ఉంది. ఇక మిగిలింది ట్యూనింగు. ట్యూనింగంటే ఆటోనగర్‌లో మా మేస్త్రి గారు.

ఆయనకి డెబ్భై దాటాయి. పదిహేనేళ్ళుగా ఈ బండి ఆయన చేతి కిందే ఉంది. మీటర్లూ మిషన్లూ ఏమీ లేవు. ఇంజను తిరుగుతుండగా సైలెన్సర్ గొట్టం ముందు అరచెయ్యి పెట్టి, పొగని గుప్పిట్లో మూసి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఒక్కసారి పీలుస్తారు. "రెండు పలకలు ఎక్కువుంది" అంటారు. కార్బురేటరు అడుగున ఆరు పలకల నట్టు ఒకటి ఉంటుంది. దాన్ని ఒక్కో పలక మేర పైకి బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది. ఆయన రెండు పలకలంటే రెండే. మూడోది ఎప్పుడూ అవసరం పడలేదు.

ఈ వేసవిలో మాత్రం మూడుసార్లు తిరిగాను. మూడుసార్లూ ఆయన గుప్పిట మూశారు, పీల్చారు, నట్టు తిప్పారు, "ఇప్పుడు బంగారంలా ఉంది సార్" అన్నారు. మూడుసార్లూ ఇంటికొచ్చి ప్లగ్గు విప్పితే బొగ్గు. బెంజ్ సర్కిల్ దగ్గర ఎండలో ఆగినప్పుడల్లా ఇంజను కుంటుతుంటే, వెనక స్కూటర్లవాళ్ళు చున్నీలు, కర్చీఫులు ముక్కుకి అడ్డం పెట్టుకుంటున్నారు. చివరికి కోపం కూడా రాలేదు, ఓపిక పోయింది. నాకు ఓపిక పోతే ఎవరో ఒకరి మీద పడాలి, అది నా జబ్బు.

నాలుగోసారి బయల్దేరే ముందు మేస్త్రి గారి అబ్బాయికి ఫోన్ చేశాను. అతను అదే షెడ్డులో కొత్త కార్లకి కంప్యూటరు పెట్టి రిపేర్లు చేస్తాడు. "మీ నాన్నగారి పని అయిపోయింది బాబూ. జనం బళ్ళు పాడుచెయ్యకుండా ఇంటిదగ్గర కూర్చోబెట్టు" అన్నాను.

"నాకూ అనుమానంగానే ఉందండీ అంకుల్. నేను చూసుకుంటాలెండి" అన్నాడతను. తను అనాలనుకున్నది ఎవరో అనిపెట్టినట్టుంది అతని గొంతు.

ఇంత మాట అన్నాక కూడా వెళ్ళింది ఆటోనగర్‌కే. ఆ కార్బురేటర్లు తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు.

నేను వెళ్ళేసరికి అబ్బాయి స్పేరు పార్టులకని బయటికెళ్ళాడు. మేస్త్రి గారు తన పనిబల్ల పక్కన పాత టైరు మీద కూర్చుని క్యారేజీ విప్పుతున్నారు. "రండి సార్, రెండు ముద్దలు తిందురుగాని" అంటూ దోసకాయ పప్పు గిన్నె నా వైపు జరిపారు. దగ్గరికి వంగేసరికి పాచివాసన గుప్పున కొట్టింది. ఆ ఎండకి రేకుల షెడ్డులో పొద్దుటి పప్పు ఏం నిలుస్తుంది. ఆయన మాత్రం నిదానంగా కలుపుకుని ఒక ముద్ద, ఇంకో ముద్ద తిన్నారు.

"మేస్త్రి గారూ, ఆ పప్పు పాచిపోయిందండి" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. గిన్నెలోకి చూశారు, నా వైపు చూడలేదు. మూత పెట్టేసి చెయ్యి కడుక్కున్నారు.

"కరోనా జ్వరం తగ్గిన దగ్గర్నించీ ఇంతే సార్. మల్లెపూలూ మురిక్కాలవా ఒకటే నాకు. వాసన మళ్ళీ వస్తుందన్నారు డాక్టర్లు. అలా వచ్చినట్టే ఉంటుంది, పోతుంది. ఈ ఏడాది అసలు లేదు."

"మరి ఆ గుప్పిట?"

"మానేస్తే అడుగుతారుగా" అన్నారు. "చెవితో నెట్టుకొస్తున్నా. చెవికి తేడా తెలియనప్పుడు ఒక పలక ఎక్కువే ఉంచుతా. పెట్రోలు ఎక్కువైతే పొగే. తక్కువైతే వాల్వులు కాలిపోతాయి. మీ బండి కాల్చలేను కదా."

నాకు చాలా సిగ్గేసింది. మూడుసార్లు నేను తిట్టుకున్న పొగ, నా ఇంజను కాలకూడదని ఆయన ఉంచిన పలక.

బండి స్టార్టు చేసి, నేను వెళ్ళి గొట్టం వెనక గొంతుక్కూర్చున్నాను. ఆయన ఇంజను మీద వంగారు. గుప్పిట మూసి పీలిస్తే నాకు దగ్గొచ్చింది.

"ఎలా ఉంది సార్?"

"ఘాటుగా ఉందండి. కళ్ళు మండుతున్నాయి."

ఒక పలక. "ఇప్పుడు?"

"మంట తగ్గింది. పచ్చి పెట్రోలు వాసన ఇంకా ఉంది."

రెండో కార్బురేటరుకీ ఒక పలక. మళ్ళీ మొదటిదానికి. అలా ముప్పావుగంట. ఒకసారి పీలిస్తే ఏ వాసనా లేదు, వేడిగాలి, అంతే. ఆ మాటే చెప్పాను. "అక్కడ ఆపేద్దాం" అన్నారాయన. షెడ్ల చుట్టూ ఒక రౌండు తిప్పుకొచ్చి ప్లగ్గు విప్పితే బిస్కట్ రంగులో ఉంది. ఆయన దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుని నవ్వారు.

తర్వాత గొంతు తగ్గించి అన్నారు: "మావాడికి మాత్రం చెప్పకండి సార్. ఈ బల్ల తీసేసి ఇంకో కంప్యూటరు పెట్టాలని ఏడాదిగా చూస్తున్నాడు. నా పని మీద ఎవరైనా ఒక్క మాట అంటే చాలు వాడికి. ఈ బల్ల లేకపోతే నాకు పొద్దున్నే లేచి వెళ్ళే చోటే ఉండదు."

"చెప్పనండి" అన్నాను. వాసన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు కదా అని లోపల ఒక ప్లీడరు వాదించాడు.

బండి హాయిగా పరిగెత్తింది, నాకే హాయి లేదు. ఇంటికి రాగానే అబ్బాయికి ఫోన్ చేసి, పొద్దున అన్న మాట తప్పని ఒప్పుకోవాలనుకున్నాను. అయితే ఎందుకు తప్పో చెప్పాలి, అది చెబితే వాసన సంగతి బయటపడుతుంది. బాగా అలిసిపోయి ఉన్నాను. రేపు చేద్దాంలే అనుకున్నాను. రేపంటే ఏమిటో బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

నెల తర్వాత బ్రేకుల పని పడి వెళ్ళాను. పనిబల్ల లేదు. ఆ చోట చక్రాల స్టాండు మీద కొత్త కంప్యూటరు ఉంది. మేస్త్రి గారు గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉతికిన తెల్లచొక్కాతో కూర్చుని ఉన్నారు. ఆయన్ని తెల్లచొక్కాలో చూడటం అదే మొదలు.

నేను దిగగానే లేచి వచ్చారు. "ఎవరో ఫోన్ చేసి కంప్లైంటు ఇచ్చారట సార్. ఎవరని ఎంతడిగినా మావాడు చెప్పడం లేదు" అన్నారు. "మీ మీద మాత్రం నాకు అనుమానం రాలేదు. నా ముక్కు సంగతి తెలిసింది మీ ఒక్కరికే. మీరు అనేవాళ్ళయితే అదే అనేవాళ్ళు. వాడికి ఇప్పటికీ అది తెలీదు."

చొక్కా జేబులోంచి పల్చటి స్పానరు ఒకటి తీశారు. కార్బురేటరు నట్టు కోసం ఆయనే అరగదీసి చేసుకున్నది. "ఇది మీ దగ్గరుంచండి సార్. మాట నిలబెట్టుకున్నారు, ఇంకేం ఇవ్వగలను."

తీసుకున్నాను. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాల్సి వచ్చేది.