పిల్లి ఉన్న ఇంటికే వస్తా

రామలక్ష్మమ్మకు పిల్లులంటే పడదు. ధర్మవరంలో మా వీధిలో ఎవరిని అడిగినా ఈ మాట చెప్తారు. పడకపోతే పిల్లుల జోలికి పోకుండా ఉండొచ్చు గదా అంటే, ఆమె చేసే పనికి అది కుదరదు. ఆమె పడుగులు అతుకుతుంది. పట్టు మగ్గం ఉన్న ఇంట్లో పడుగుకు పెట్టిన గంజి వాసనకు ఎలుకలు వస్తాయి. ఎలుకలకు భయపడి ప్రతి ఇంట్లోనూ పిల్లిని పెంచుతారు. అంటే ఆమె బతుకంతా పిల్లుల మధ్యే గడిచింది.

ఆ పని తెలియనివాళ్లకు చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు దారాల వరస, అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు, పాత దారాల కొసలకు కొత్త దారాల కొసలను ఒక్కొక్కటిగా కలపాలి. వేల దారాలు ఉంటాయి. ముడి వేయకూడదు, వేస్తే ముందుకు జారదు. వేళ్లకు కాస్త బూడిద అద్దుకొని రెండు కొసలనూ కలిపి మెలి తిప్పాలి. రామలక్ష్మమ్మ మెలిక తిప్పుతుంటే చూసేవాళ్లకు ఆమె ఊరికే వేళ్లు నలుపుకుంటున్నట్టు ఉంటుంది. ఒకసారి మొదలుపెట్టాక ఆ పడుగును ఆ చేతులే ముగించాలి. ఒకరు సగంలో వదిలేసిన పడుగును ఇంకొకరు ముట్టుకోరు. ఎవరి మెలిక బిగువు వాళ్లది, సగం సగం కలిస్తే బట్ట ఒక పక్కకు లాగుతుంది.

ఆమె ఎక్కడికి పోయినా వెనక కర్రోడు ఉండేవాడు. పేరుకు తగ్గట్టే నల్లకుక్క. ఆమె కూతురు రేఖ ఎర్రమంచిలో ఉంటుంది, అల్లుడు ఇప్పుడు అక్కడి కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పన్నెండేళ్ల కింద, మొగుడు చనిపోయిన ఏడాది, రామలక్ష్మమ్మ కూతుర్ని చూసి తిరిగి వస్తుంటే, బస్సు కోసం నిలబడ్డ చోట ఒక నల్ల కుక్కపిల్ల వచ్చి ఆమె పాదం మీద పడుకుందట. దాన్ని లేపడానికి మనసు రాక ఒక బస్సు వదిలేసింది. తర్వాతి బస్సులో సంచిలోని శనక్కాయల మీద దాన్ని పడుకోబెట్టి తెచ్చుకుంది.

కుక్కను మగ్గం ఇంట్లోకి రానివ్వరు. దాని వెంట్రుక పట్టులో పడితే తీయడం మా తరం కాదు. అందుకని కర్రోడు అరుగు మీద కూర్చునేవాడు. రామలక్ష్మమ్మ మాత్రం గడప కనబడేటట్టు కూర్చుని పని చేసేది. పది దారాలకోసారి కన్ను గడప దాకా పోయి వచ్చేది. అరుగు మీద కుక్కను కూర్చోనివ్వని ఇంటికి ఆమె పనికి పోయేది కాదు.

ఇక ఆమె పట్టింపు ఒకటి ఉంది. పని మీద పోతుంటే పిల్లి ఎదురొస్తే వెనక్కి పోయి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. మా బంగారి పొద్దస్తమానం గడపలోనే పడి ఉండే పిల్లి. మా ఇంట్లో పని మొదలయ్యేలోపు రామలక్ష్మమ్మ కడుపు నిండా నీళ్లు తాగి ఉండేది. మగ్గం ఆగిపోయి మా ఆయన మోహన్ చేతులు కట్టుకుని చూస్తుంటే, నాకు ఒళ్లు మండేది. ఈ హేమావతికంటే ముందు నా కోపం పుట్టిందని మా అమ్మ అనేది.

"ఈ బంగారి నిన్నేం చేసింది పెద్దమ్మా, అట్ల జడుసుకుంటావు?" అని అడిగాను ఒకసారి.

"ఏం చేయలేదు మే. అదే నాకు గిట్టంది. మనం ఇంటికొస్తే లేస్తాదా? మనం పోతే చూస్తాదా? ఇల్లు దానిదీ, మనం బాడుగకు ఉండేవాళ్లమూ అన్నట్టు చూస్తాది."

"ఎలకల్ని పడ్తాది గదా. నీ కర్రోడు పుట్టినప్పటి నుంచి ఒక్క ఎలకనన్నా పట్టినాడా?"

"వానికేం కర్మ? వానికి నేను ఉండా."

ఇట్లా ఆమె పని చేస్తున్నంతసేపూ మాకు కుక్కా పిల్లీ వాదం నడిచేది. నేను గెలిచిన రోజు ఒక్కటీ లేదు. ఎందుకంటే ఆమె వాదించేది కాదు, కర్రోడి వైపు చూసి నవ్వేది.

పోయిన ఏడాది ఆషాఢంలో జరిగింది ఇది. మా ఎదురింటి లక్ష్మన్న ఇల్లు బాగు చేయించి కొత్త బండలు వేయించాడు. అంతకుముందే వాళ్ల పిల్లి ముసలిదై చచ్చిపోయింది. కొత్త బండల మీద పిల్లి గలీజు చేస్తుందని అతని భార్య గౌరి మళ్లీ పిల్లిని తేనివ్వలేదు. ఎలుకలు ఊరుకుంటాయా? నేస్తున్న పడుగును ఒక మూల నుంచి కొరికి పెట్టాయి. లక్ష్మన్న మండిపడి ఎలుకల మందు తెచ్చాడు. గంజికే గదా వస్తున్నాయని కొబ్బరి చిప్పలో గంజి పోసి, అందులో మందు కలిపి, మగ్గం గుంత పక్కన పెట్టాడు. భయపడుతుందని పెళ్లానికి చెప్పలేదు. మగవాళ్లు మన మేలు కోరి దాచేవన్నీ ఇట్లాంటివే.

రెండు రోజుల తర్వాత కొత్త పడుగు అతకడానికి రామలక్ష్మమ్మను పిలిచారు. కొత్త పడుగు ఎక్కించే ముందు మగ్గం చుట్టూ ఊడ్చి, తుడిచి, కుంకుమ పెడతాం. గౌరి అట్లాగే ఊడుస్తూ చిప్ప చూసింది. మిగిలిన గంజి అనుకుంది. మా ఇళ్లలో మిగిలిన గంజి పారబోయడం తెలియదు, ఆవుకో కుక్కకో పోస్తాం. కర్రోడికైతే ప్రతి ఇంటి గంజీ అలవాటే. గౌరి మంచి మనిషి. వట్టి గంజి ఎందుకని రాత్రి మిగిలిన రొట్టె ముక్క అందులో తుంచి వేసి, అరుగు మీద పెట్టింది.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. ఆషాఢంలో మా ఊరి గాలి విప్పిన దారాలను నిలవనీయదు. అందుకని తలుపు మూసుకుని పని మొదలుపెట్టారు. రామలక్ష్మమ్మకు గడప కనబడలేదు.

నేను మా ఇంటి ముందు బియ్యం ఏరుకుంటున్నాను. ఎదురరుగు మీద కర్రోడు లేచి నిలబడ్డాడు. వెనక కాళ్లు తడబడ్డాయి. వాంతి చేసుకున్నాడు. మళ్లీ లేవబోయి మెట్ల మీద నుంచి కిందికి జారాడు. నేను చేట అక్కడే పడేసి పరిగెత్తి తలుపు బాదాను.

తలుపు తీసిన గౌరిని తోసుకుని రామలక్ష్మమ్మ బయటికి వచ్చింది. వేళ్లకు బూడిద అట్లాగే ఉంది. లోపల పడుగు సగం కలిసి, సగం కొసలు గాలికి లేస్తున్నాయి.

"పెద్దమ్మా, పడుగు..." అన్నాడు లక్ష్మన్న. ఆ మాట అన్నందుకు అతన్ని తప్పు పట్టలేను. ఆ పడుగు మీదే వాళ్ల శ్రావణమాసపు చీరల బేరమంతా ఉంది.

ఆమె వినిపించుకోలేదు. అన్నేళ్లలో ఆమె పడుగు మధ్యలో లేచింది అదే మొదటిసారి. కర్రోడి నోటి నురగను కొంగుతో తుడుస్తూ, "ఏం తిన్నావురా, ఏం తిన్నావు నాయనా" అంటోంది. గౌరి ఖాళీ చిప్ప వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. అతని మొహం చూడగానే ఆమెకు అంతా అర్థమైంది.

"ఆ చిప్పలో గంజి నేనే పెడ్తి," అంది గౌరి.

రామలక్ష్మమ్మ చూపు కర్రోడి మీద నుంచి కదల్లేదు. తిట్టి ఉంటే గౌరికి కొంచెం తేలికయ్యేదేమో. మోహన్ ఆటో పిలుచుకొచ్చాడు. కర్రోడిని దుప్పట్లో చుట్టి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు సూదులు వేశాడు, సెలైను పెట్టాడు, బతుకుతాడని మాత్రం అనలేదు. రామలక్ష్మమ్మ ఆ నల్లటి తల ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నేను మజ్జిగ ఇస్తే తాగలేదు. వాడు లేస్తే తాగుతానంది.

బతికాడు. వారం రోజులు పట్టింది లేచి నిలబడటానికి. చిక్కి సగమయ్యాడు. కానీ రామలక్ష్మమ్మకు అక్కడి నుంచి అసలు భయం పట్టుకుంది. లక్ష్మన్న ఇంట్లో పెట్టిన మందు రేపు ఇంకొకరి ఇంట్లో పెట్టరని ఏముంది? ఇంటి ముందు వాణ్ని తాడుతో కట్టేసింది. తాడు కట్టిన రోజు నుంచి వాడు అన్నం ముట్టలేదు. విప్పితే వీధిలో ఏ గంజిలో ఏముందో తెలియదు. ఆమె పనికి పోవడం మానేసింది.

లక్ష్మన్న పడుగు సగంలో అట్లాగే ఉంది. ఊళ్లో ఇంకెవరూ దాన్ని ముట్టుకోవడానికి ఒప్పుకోలేదు. చివరికి అతనే ఆమె ఇంటికి వచ్చి నిలబడ్డాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"వస్తా," అంది రామలక్ష్మమ్మ. "ఇంట్లో మందు ఉండకూడదు."

"మందు లేకుంటే ఎలకలకేం చేయల్ల పెద్దమ్మా?"

ఆమె కర్రోడి మెడ మీది తాడు సర్దింది. ఆ తర్వాతి మాట నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు.

"పిల్లిని పెంచు. పిల్లి తిరిగే ఇంట్లో ఎవురూ మందు పెట్టరు. పిల్లి ఉన్న ఇంటికే వస్తా. నీకే కాదు, ఈ వీధిలో ఎవురికైనా ఇదే మాట."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె నన్ను కొరకొరా చూసి, "నవ్వు మే, నవ్వు. మీ బంగారి ఈనింది గదా, ఒక పిల్లను ఇస్తావా లేదా?" అంది.

"కుక్కల రామలక్ష్మమ్మకు పిల్లి కావల్నా?"

"నాకు కాదు. వానికి," అంది తాడు కట్టిన కర్రోడిని చూపించి.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మా ఇంటికి పోయి, ఉన్నవాటిలో చురుకైన పిల్లను తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని చేత్తో తాకలేదు. బుట్టలో వేయించుకుని, చేయి చాచి దూరంగా పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని లక్ష్మన్న ఇంటికి నడిచింది. గౌరి కొత్త బండల మీద గోనెపట్టా పరిచి దానికి పాలు పోసింది. రామలక్ష్మమ్మ కూర్చుని నీళ్లు తాగి, సగంలో వదిలిన దారం దగ్గర మళ్లీ మొదలుపెట్టింది.

ఆ మాట మీద ఆమె నిలబడింది. కొత్త ఇంటివాళ్లు పనికి పిలిస్తే ముందు అడిగేది, "మీ ఇంట్లో పిల్లి ఉండాదా?" అనే. లేకపోతే తనే చూసి తెచ్చిపెట్టేది. ఒకసారి పిల్ల దొరక్క హిందూపురంలో తెలిసినవాళ్ల దగ్గరికి పోయి, వైరుబుట్టలో పెట్టుకుని ప్యాసింజర్ రైలులో తెచ్చింది. పెనుకొండ దాటేదాకా అది అరుస్తూనే ఉందట. రైలు పెట్టెలో అందరూ తిట్టారట. "నా జన్మలో పిల్లి కోసం తిట్లు పడ్తానని అనుకోలేదు మే," అని వచ్చి నా దగ్గర మొత్తుకుంది.

కర్రోడి తాడు విప్పేసింది. వాడు విప్పగానే మొదట పోయింది గౌరి ఇంటికే. తోక ఊపుకుంటూ అరుగు ఎక్కి, ఎప్పటిలాగా గంజి కోసం కూర్చున్నాడు. గౌరి గడపలో నిలబడి ఏడ్చింది.

"వానికి తెలీదు పాప, ఊరుకో," అంది రామలక్ష్మమ్మ. "తెలిసినా వచ్చేవాడే. అందుకే నాకు కుక్క." చిప్ప తెమ్మని, గంజి తనే ముందు కొంచెం తాగి, మిగిలింది వాడికి పెట్టింది. గౌరిని ఆమె క్షమించానని చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. ఇంకేం చెప్పాలి?

ఈ ఏడాది ఎండలు తగ్గుతున్నప్పుడు రామలక్ష్మమ్మ మా ఇంట్లో పడుగు అతుకుతోంది. కర్రోడు అప్పటికి బాగా ముసలివాడైపోయాడు. మూతి తెల్లబడింది, అరుగు ఎక్కాలంటే ఆమె ఎత్తాలి. వాకిట్లో నీడలో పడుకున్నాడు. బంగారి వాడికి కొంచెం ఎడంగా, తన ఇంట్లో బాడుగకున్నవాణ్ని చూసినట్టు చూస్తూ కూర్చుంది. రామలక్ష్మమ్మ కన్ను గడప దాకా పోయింది. ఈసారి వెనక్కి రాలేదు.

నాకేమీ తేడా కనబడలేదు. కుక్క నిద్రపోతోంది, అంతే. ఆమె మాత్రం చేతిలోని మెలిక పూర్తి చేసి, బూడిద చేతులు కొంగుకు తుడుచుకుని మోహన్ వైపు చూసింది.

"పో పెద్దమ్మా," అన్నాడు మా ఆయన. "పడుగు యాడికీ పోదు." తనే లేచి పడుగు మీద బట్ట కప్పాడు.

ఆమె పోయి వాడి తల ఒళ్లోకి తీసుకుంది. వాడు ఒకసారి కళ్లు తెరిచి, తోక నేలకు కొట్టాడు. ఇంకొంచెంసేపు ఊపిరి ఆడింది. తర్వాత లేదు. నేను ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు? ఆమె ఏడవలేదు. అట్లా నిమురుతూ కూర్చుంది.

సాయంత్రం కాలువ గట్టు దగ్గర పూడ్చడానికి లక్ష్మన్న గుంత తవ్వాడు. గౌరి వచ్చింది, వీధిలో చాలామంది వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ రామలక్ష్మమ్మ ఒకటే మాట చెప్పింది. అడగనివాళ్లకు కూడా చెప్పింది.

"మందు తిని పోలేదు. వయసొచ్చి పోయినాడు."

మరునాడు వచ్చి మా పడుగు ముగించింది. పోయేటప్పుడు, ఇంటికి పోతే ఒంటరిగా ఉంటుందని నాకు మనసొప్పక, "బంగారి పిల్ల ఒకటుండాది పెద్దమ్మా, తీసుకుపో," అన్నాను.

"నాకొద్దు మే. నాకు పిల్లులంటే పడదు."

"మరి ఇప్పుడు కర్రోడు లేడు గదా. పిల్లి లేని ఇంటికి కూడా పోతావా పనికి?"

ఆమె చెప్పులు వేసుకుంటూ ఆగింది. వీధి చివర ఎవరివో రెండు కుక్కలు దుమ్ములో పడి పొర్లాడుతున్నాయి. వాటి వైపు చూసింది.

"పోను," అంది.

అంతలో బంగారి అడ్డంగా నడిచింది. రామలక్ష్మమ్మ దాన్ని తిట్టుకుంటూ వెనక్కి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, నీళ్లు అడిగింది.