పెదనాన్న నూతిలో చక్రం

మా పెదనాన్న పోయిన వారం కన్నుమూశారు. ఖరిదా పేటలో తమ ఇంటి వసారాలో, నూతి వైపు తిరిగి కూర్చుని ఉండగానే. ఫోన్ చేసిన పెద్దమ్మ ఏడవలేదు. "ఆ నూతినే సూస్తూ సూస్తూ పోనారు. ఇంకేటి సెప్పను" అంది విసుగ్గా.

ఆ విసుగు వాళ్లింట్లో పెరిగిన నాకూ ఉంది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన దగ్గర్నుంచి ఆయనకి ఒకటే ధ్యాస. భూమి కింద నీళ్లు నిలవుండవట, మెల్లగా నది వైపు నడుస్తాయట. ఆ నడకతో కరెంటు తీయాలట. రేకు రెక్కల చక్రం చేసి నూతిలోకి దించారు. బకెట్ తగులుతుందని మమ్మల్ని నీళ్లు తోడనివ్వలేదు. వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడి బిందె బిందెకీ ఆయన్ని తిట్టుకునేదాన్ని.

చక్రం తిరగలేదు. "అంత నెమ్మదిగా నడిసే నీల్లకి బలమేటుంటాది పెదనాన్నా" అంటే, "నెమ్మదిగా నడిస్తే ఆగిపోనట్టా?" అనేవారు. ఏమడిగినా అదే జవాబు.

నీళ్లు నడుస్తాయని చూపించడానికి ఓసారి నూతిలో బట్టల నీలం కుమ్మరించారు. కొన్నాళ్లకి పక్కింటి బెంగాలీ దీదీ చెంబుతో వచ్చింది. వాళ్ల నూతి నీళ్లు నీలంగా ఉన్నాయి. "దాదా, ఈ జల్‌తో అన్నం ఎలా వండేది?" అని నిలదీసింది. పెద్దమ్మ తల దించుకుంది. పెదనాన్న మాత్రం చెంబు అందుకుని వెలుతురులో చూసి, "దీదీ, ముందు ఏ రోజు కనపడినాది?" అని ఆత్రంగా అడిగారు. ఆమె మా గుమ్మం తొక్కడం మానేసింది. ఆ వేసవిలో ఆమె ఇంట్లో ఫ్యాను ఆగిపోతే, పిలవకుండానే వెళ్లి బాగుచేసి వచ్చింది మళ్లీ ఈయనే.

ఒక వానాకాలం చక్రం కదిలింది. పెదనాన్న కేకేస్తే వీధంతా వచ్చింది. టార్చి వేసి చూస్తే, రెక్క మీదికి ఎక్కలేక అవస్థ పడుతున్న తాబేలు. అందరూ నవ్వారు. పెద్దమ్మ లోపలికెళ్లి తలుపేసుకుంది. "తిరగడానికైతే తిరిగినాది గదా" అన్నారాయన, ఎవరి వైపూ చూడకుండా. చక్రానికి తీగతో కలిపిన బల్బు మాత్రం ఏనాడూ వెలగలేదు.

సమాధుల తోటలో ఆయన కోసం గొయ్యి తవ్వుతుంటే అడుగున నీరు ఊరింది. డబ్బాలతో తోడిపోస్తున్నా మళ్లీ ఊరుతోంది. పాస్టరుగారు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. పెద్దమ్మ గట్టు మీద నుంచి వంగింది. పట్టుకోబోతే నా చెయ్యి విదిలించుకుంది.

"తోడకండి. కాసేపు ఆగండి" అంది.

ఒక పక్క మట్టిగోడ నుంచి నీరు సన్నగా, ఎర్రగా జారుతోంది. ఎదుట, నది వైపు గోడ పొడిగా ఉంది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ తడి వైపే చూస్తూ నిలబడింది.