టాటీబంధ్‌లో కాసేపు తెలుగు

ఎనభైల్లో ఓసారి, రాయ్‌పూర్ శివార్లలోని టాటీబంధ్ దగ్గర నా పాత మోటార్‌సైకిల్ మొరాయించింది. ఇంజన్ అరుస్తోంది గాని బండి కదలడం లేదు. క్లచ్ కేబుల్ మరీ బిగుసుకుందని రోడ్డు పక్క షెడ్డులోని మెకానిక్ హిందీలో చెప్పి, నట్టు వదులు చేయసాగాడు. "అమ్మయ్య!" అన్నాను. అది విని లోపల్నుంచి అతని తల్లి గబగబా వచ్చింది.

"ఏ ఊరు బాబూ మీది?"

"పాలకొండండీ."

"మాది పక్కనే, వీరఘట్టం! రైల్వే పనికని మా ఆయన ఇటు తెచ్చేసినాడు. ఆయన పోయాక నాతో తెలుగు మాటాడేవోలే లేరు. పిల్లలకి హిందీయే."

వానలు పడ్డాయా, నాగావళి నిండిందా అని అడుగుతూనే ఉంది. ఇంతలో కొడుకు "హో గయా" అంటూ లేచాడు.

"ఏక్ బార్ ఔర్ దేఖ్ బేటా," అని ఆమె మళ్లీ చూడమంది.

అతను తల్లి ముఖంలోకి చూసి, బాగైపోయిన బండి ముందు మళ్లీ కూర్చున్నాడు. నేనూ స్టూలు లాక్కుని, నాగావళి గురించి తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టాను.