గది దాటని ఫొటో

అమలాపురం బస్టాండు దగ్గర మా ఇంటర్నెట్ సెంటర్లో ఆరు కంప్యూటర్లు ఉండేవి. ఆరింటినీ వైర్లతో ఒకదానికొకటి కలిపాను. రెండు వేల దశకం చివరి రోజులవి. జావాస్క్రిప్టు భాషతో వెబ్ పేజీలు అందించే సర్వర్ నడపొచ్చని కొత్తగా చదివి, నా కంప్యూటర్లో ఒకటి నడిపించి, ఊళ్లో ఇది నాకొక్కడికే వచ్చని తెగ మిడిసిపడుతున్నాను.

అప్పుడు వచ్చిందామె, రాజోలు వైపు నుంచి. భర్త మస్కట్‌లో తాపీమేస్త్రి. పది రోజులుగా ఫోను లేదు. పనిలోకి రావడం లేదని కంపెనీవాళ్లు చెప్పారు, అంతే. అతని పాస్‌పోర్టు ఫొటో బల్లమీద పెట్టి, "ఇంటర్నెట్లో పెట్టండి తమ్ముడుగారూ, అక్కడ మనోళ్లెవరైనా చూత్తారేమో" అంది.

ఒక పేజీ చేశాను. ఫొటో, పేరు, ఎడమ చేతి మీద కాలిన మచ్చ, మా సెంటరు ఫోను నంబరు. అలాంటి పేజీలకి ఊరికే చోటిచ్చే సైట్లు బోలెడున్నాయి, అరగంట పని. వాటిని వాడటం నాకు నామోషీ. నా సర్వర్లోనే పెట్టాను. అనుమానం తీరడానికి ఆమెను నాలుగో కేబిన్‌కి తీసుకెళ్లి అక్కడా తెరిచాను. భర్త ముఖం తెరమీద కనబడగానే ఆమె కుర్చీ దగ్గరకి లాక్కుంది. చుక్కలూ అంకెలూ ఉన్న ఆ చిరునామా కాగితం మీద రాసిచ్చాను. పక్క కంప్యూటర్లో వచ్చిందంటే లోకమంతా వచ్చినట్టే అనుకున్నాను. ఆ అంకెలు మా గదిలోని కంప్యూటర్లకే పనిచేస్తాయని తెలుసుకోలేదు.

ఆమె సొంత తమ్ముడు మస్కట్‌లోనే డ్రైవరు, తనకి తెలిసిన చోటల్లా వెతుకుతున్నాడు. ఆ అంకెలన్నీ ఫోనులో చదివి వినిపిస్తే, తెరుచుకోవడం లేదన్నాడు.

"ఇక్కడ బాగానే వస్తోందండి. అక్కడివాళ్లే ఆపేసుంటారు, మళ్లీ చూడమనండి" అన్నాను.

తొమ్మిది రోజులపాటు ఆమె వస్తూనే ఉంది. నాలుగో కేబిన్లో కూర్చుని ఆ పేజీ చూసుకుని వెళ్లేది. నాకు విసుగు కూడా వేసింది. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పదో రోజున హైదరాబాదులో ఉన్న స్నేహితుడికి ఆ చిరునామా ఇచ్చి నా సర్వర్ గొప్ప చూపించబోయాను. "మీ గదిలో నంబరు నాకిస్తే ఎలా వస్తుందిరా?" అని ఫోనులో నవ్వాడు. అరగంటలో పేజీని బయటి సైట్లో పెట్టాను. ఆమె తమ్ముడు కొత్త చిరునామాను అక్కడి తెలుగువాళ్లందరికీ పంచాడు.

మర్నాడే మా సెంటరుకి ఫోను వచ్చింది. కొత్తపేట అమ్మాయి, మస్కట్‌లో ఓ ఆసుపత్రిలో నర్సు.

"ఈయన మా వార్డులోనే ఉన్నారండి. రోడ్డు మీద దెబ్బ తగిలితే తీసుకొచ్చేరు. మాట లేదు, కాగితాల్లేవు. ఎవరి మనిషో తెలీక కనబడినోళ్లందరినీ అడిగేనండి. నిన్న పొద్దున్న పోయేరు."

శవపెట్టె వచ్చి, కర్మకాండలన్నీ అయ్యాక ఆమె మా సెంటరుకి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి చేతులు జోడించింది.

"మీ చలవేనండి తమ్ముడుగారూ. మీరు ఆ ఫొటో పెట్టకపోతే ఆయన్ని అక్కడే ఎక్కడో పూడ్చేసేవోరు. ఆఖరి చూపైనా దక్కింది."

ఆ తొమ్మిది రోజులూ ఆయన ప్రాణాలతోనే ఉన్నాడు. పేజీ మొదటిరోజే బయట పెట్టుంటే ఆమె గొంతు ఫోనులోనైనా ఆయన చెవిన పడేది. చెప్పెయ్యాలని నోరు తెరిచాను.

"ఆయ్" అని తలూపాను.