అప్పగింతల పాట మీద కుంకుమ బొట్టు

జనగామలో పెళ్లి వీడియోల దుకాణం మా అబ్బాయి పెట్టినప్పటి నుంచి పొద్దున పూట గల్లా దగ్గర నేనే కూర్చుంటాను. తీసిన పెళ్లిని నేరుగా ఇచ్చేయడం మా దగ్గర లేదు. చెరిపి మళ్లీ రాసుకునే బ్లూరే డిస్కులో మొత్తం ఎక్కించి ముందు ఇంటికి పంపుతాం. ఇంటివాళ్లు చూసి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్పి, డిస్కు తిరిగి ఇచ్చేస్తారు. సరిచేసిన పెళ్లి వేరే డిస్కులో వాళ్లకు పోతుంది. మొదటిదాన్ని చెరిపి ఇంకో పెళ్లికి వాడతాం. మామూలు డిస్కు కన్నా ఇది ఖరీదు. అందుకే ఏది ఏ తేదీన వెళ్లిందో కవరు మీద పెన్సిలుతో రాసుకుంటాను. ఆలస్యమైతే ఫోన్ చేసి అడిగేదీ నేనే.

పోయిన ఎండాకాలంలో భూపాలపల్లి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. అంతకుముందు ఏడాది తరిగొప్పులలో, కిరాణా వ్యాపారుల ఇంట్లో జరిగిన ఆమె పెళ్లిని మేమే తీశాం.

“పెద్దమ్మా, అప్పగింతలప్పుడు మా బాపమ్మ పాట పాడింది, యాదికున్నదా?”

ఎందుకు లేదు. వాళ్ల నాన్నమ్మ పాడిన ఆ పాట తీసేసి సినిమా పాట పెట్టమన్నది ఈ అమ్మాయే.

“అప్పుడు సిగ్గయింది. అత్తగారోళ్లు నవ్వుతరని భయపడ్డ. మొన్న బాపమ్మ పోయింది. ఇంట్ల ఒక్కల ఫోన్ల గూడ ఆమె గొంతు లేదు.”

పని పూర్తయిన పెళ్లిళ్లను కంప్యూటరులో ఉంచం, అంత చోటు ఉండదు. ఆ పాట ఉంటే మొదటి డిస్కులోనే ఉండాలి. దాన్ని చెరపలేదని నాకు గుర్తుంది. వాళ్లమ్మ దాన్ని దేవుడి ముందు పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి తిరిగి పంపింది. బొమ్మ ఎక్కే మెరిసే వైపే ముఖమనుకుంది పాపం. మిషన్ పాడవుతుందని మా అబ్బాయి దాన్ని లోపల పెట్టకుండా అటక మీద పడేశాడు.

“మీ అమ్మ బొట్టు పెట్టకుంటే ఈపాటికి దాంట్ల ఇంకెవలదో పెండ్లి ఉండేది,” అన్నాను.

“ఫ్రిజ్జుకు గూడ పెట్టింది పెద్దమ్మా. మా ఆయన లాప్‌టాప్‌కు పెడితే గాయన ఒక్కటే లొల్లి.”

డిస్కు దించి చూస్తే బొట్టు అంచున ఉంది. బ్లూరే మీద రాత నడుమ మొదలై అంచు వైపు పోతుంది. డిస్కు నిండా పెళ్లే కాబట్టి ఆఖరున జరిగే అప్పగింతలు అంచునే ఉంటాయి. బొట్టు సరిగ్గా బాపమ్మ పాట మీదే పడిందని మా అబ్బాయి చెప్పగానే ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

గోకితే గీతలు పడతాయి. నీళ్ల ధార కింద పట్టి పొడి అంతా పోనిచ్చాను. నూనెలో తడిపిన కుంకుమ, మరక వదల్లేదు. సబ్బు నురుగు అద్ది, మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచుకు తిన్నగా తుడిచాను.

“జర మెల్లగ పెద్దమ్మా.”

“నాకు తెల్వదా బిడ్డా? నువ్వు జర పక్కకు జరుగు, నా వెలుతురుకు అడ్డమున్నవ్.”

ఆరినాక మిషన్లో పెట్టాం. తలంబ్రాల దాకా బాగా నడిచింది. అప్పగింతలు వచ్చాయి. ముసలావిడ సన్నగా పాట అందుకుంది. రెండో చరణంలో బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి ఆమె పాట ఆపి, కెమెరా పట్టుకున్న మా అబ్బాయి వైపు చెయ్యి ఊపుతోంది.

“ఓ పిలగా, గా లైటు నా కండ్లల్ల కొట్టకు. పాట మర్సిపోతున్న!”

అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వుతూనే చున్నీతో కళ్లు ఒత్తుకుంది. పాట చివర ఇంకోసారి ఆగి, నడిచి, పూర్తయింది.

“ఆగిన జాగలు కత్తిరిస్త,” అన్నాడు మా అబ్బాయి. “నన్ను తిట్టింది గూడ తీసేస్తే పాట ఒక్కతీరుగ వస్తది.”

“వద్దు, అన్నా. ఆగితే ఆగనీ. ఈసారి ఏదీ తియ్యకుర్రి.”

ఒక్కసారి రాస్తే మళ్లీ చెరపడానికి వీలులేని డిస్కు తీసి, ఉన్నది ఉన్నట్టే రాసిచ్చాం.