ఊరి వాటా

పోయిన వారం నా ఫోనులో ఒక సందేశం వచ్చింది. ఎక్కడో వరదల్లో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు దుప్పట్లు పంచుతున్నామని, మీకు తోచింది పంపమని, కింద ఒక సేవాసంస్థ పేరు. ఇలాంటివి చూసినప్పుడు కళ్ళజోడు వెతుక్కోవడం తప్ప నాకు ఇంకో పని చేతకాదు కాబట్టి, ఉరవకొండ బస్టాండు ఎదురుగా మేడ మీద కంప్యూటరు సెంటరు నడుపుకుంటున్న మా మేనకోడలి దగ్గరికి మెట్లెక్కి పోయాను. ఆ అమ్మాయి ఎవరిదో కులం సర్టిఫికెట్టు దరఖాస్తు నింపుతూనే నా ఫోను అందుకుని, రెండు పంక్తులైనా పూర్తిగా చదవకుండా, బొటనవేలితో ఒక్క తోపు తోసి తుడిచేసింది. "దొంగోళ్ళు అత్తా. నేను దినామూ పది తీసేస్తాంటాను, ఇంగ నువ్వు కూడా తీసేయ్" అని ఫోను నా చేతిలో పెట్టి మళ్ళీ పనిలో పడింది.

అది దొంగ సందేశమే అయుంటుంది, నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు. కానీ ఆ వేలు కదిలిన తీరు చూసి నేను అక్కడే బల్ల మీద కూర్చున్నాను. ఇరవై ఏళ్ళ కిందట అదే గదిలో, అదే కిటికీ పక్కన, నా వేలు కూడా అలాగే కదిలింది. ఆ సంగతి ఆ అమ్మాయికి ఇంతవరకూ చెప్పలేదు. మీరు నా ఈడువాళ్ళు, తప్పులు చేసి వాటిని మోసుకుంటూ తిరగడం తెలిసినవాళ్ళు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పట్లో ఆ గది నా టైపు ఇన్‌స్టిట్యూట్. గుంతకల్లు రైల్వేలో పనిచేసే మా ఆయన పొద్దున బస్సెక్కి పోతే దీపాలు పెట్టే వేళకు గానీ వచ్చేవారు కాదు, ఇంట్లో ఊరికే కూర్చోవడం నా వల్ల కాక పాత టైపు మిషన్లు ఆరు తెచ్చి పెట్టుకున్నాను. లోయరు, హయ్యరు టైపు పరీక్షలకు కట్టే పిల్లలతో పొద్దస్తమానం టకటకలాడుతూ ఉండేది. తొంభైల చివర్లో కంప్యూటర్లు వచ్చి మిషన్ల మీద దుమ్ము పేరుకోవడం మొదలయ్యాక, మా ఆయన పట్టుబట్టి ఒక కంప్యూటరూ ఒక ఫోను లైనూ పెట్టించారు. నెట్టు కలిసే ముందు ఆ మోడెం డబ్బా కీచుమంటూ, గరగరమంటూ చేసే రభస వినడానికే కొందరు మెట్లెక్కి వచ్చేవాళ్ళంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కువైట్‌కు పనికి పోయినవాళ్ళ ఉత్తరాలన్నీ నా ఈమెయిలు అడ్రసుకే వచ్చేవి. నేను వాటిని అచ్చు తీసి, మడిచి, పైన పేరు రాసి, బస్సు కండక్టర్ల చేతికిచ్చి ఊళ్ళకు పంపేదాన్ని. ఒక్క ఉత్తరం కూడా చేరాల్సినవాళ్ళకు చేరకుండా పోలేదని అప్పట్లో నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది.

మా అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది మా పెద్దమ్మ. ఆమె ఊరు ఉరవకొండకు ఆరు మైళ్ళు, ఎటు చూసినా వేరుశనగ చేలు, వానొస్తే పంట, లేకుంటే వచ్చే ఏటికి చూసుకుందామనుకోవడం. కరువును మా వాళ్ళు ఇంటికొచ్చిన చుట్టంలాగా ఓర్చుకునేవాళ్ళు గానీ, ఓర్చుకోలేనివి ఆ ఊరి నీళ్ళు. బోరు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు ఎక్కువైంది. కంటికి ఎంతో తేటగా ఉండే ఆ నీళ్ళలో పప్పు ఉడికేది కాదు, తాగిన పిల్లలకు పళ్ళు గోధుమ రంగు గార పట్టేవి, నలభై దాటిన ఆడవాళ్ళు కింద కూర్చుంటే లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాల్సి వచ్చేది. పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్న కూతురే ఇప్పుడు సెంటరు నడుపుతున్న ఈ మేనకోడలు. దానికి నాలుగేళ్ళప్పుడు నడకలో మోకాళ్ళు రాసుకోవడం మొదలైతే అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నీళ్ళు మార్చండి, ఎముకలు ముదరకముందే మార్చండి, ముదిరినాక నేను చేసేది ఏమీ లేదు అని డాక్టరు కాగితం మీద ఒక్క మందు కూడా రాయకుండా పంపించేశాడు.

మా అన్న కొన్నాళ్ళు ఉరవకొండ నుంచి ఒక క్యాను నీళ్ళు బస్సులో మోసుకుపోయాడు. కూలిపని మానుకుని ఎన్నాళ్ళు మోస్తాడు? పిల్లను నా దగ్గర పెట్టండి, ఈ ఊరి కుళాయి నీళ్ళు తాగుతుంది, బడికి పంపుతానని నేనన్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "దీన్ని నీ కాడ పెడితే దీని కాళ్ళు బాగుంటాయి. తక్కిన పిల్లోళ్ళను యాడ పెడతావు మ్మే?" అంది. ఆమె మాట ఎప్పుడూ అంతే, ఎదురు చెప్పడానికి సందుండేది కాదు. అందుకని ఊరివాళ్ళందరి తరఫునా నీళ్ళు శుద్ధిచేసే యంత్రం ఒకటి ఇప్పించమని అర్జీలు టైపు చేసి, కింద నా ఈమెయిలు వేసి, తెలిసిన ప్రతి ఆఫీసుకూ ప్రతి సంస్థకూ పంపుతూ పోయాను.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఎక్కడో ఉన్నవాళ్ళు మనకు ఊరికే సాయం చేస్తారా అని వేరే జిల్లాలవాళ్ళు నవ్వుతారేమో గానీ, మేము మాత్రం నవ్వం. ముక్కూ మొహం తెలియనివాళ్ళు మా జిల్లాకు వచ్చి ఇళ్ళు కట్టించడం, వంకలకు అడ్డంగా చెక్‌డ్యాములు కట్టించడం కళ్ళారా చూసినవాళ్ళం. అయితే వాళ్ళు ఊరికే ఇచ్చేవాళ్ళు కాదు. ముందు ఊరంతా ఒకచోట కూర్చోవాలి, ఊరి వాటా అని కొంత జమచేసి తేవాలి, చేతనైనవాడు రాళ్ళు మోయాలి, అప్పుడే అది మీదని మీరనుకుంటారు అనేవాళ్ళు. ఆ పాఠం ఏళ్ళ తరబడి విని విని మా వాళ్ళకు అదొక గుర్తయిపోయింది. వాటా అడగకుండా ఇస్తాననేవాడు ఓట్లకొచ్చినవాడు, వాటా అడిగినవాడు నిజమైనవాడు.

అలాంటి రోజుల్లో, రెండువేలు దాటిన కొత్తల్లో, ఒక మధ్యాహ్నం ఆ ఉత్తరం వచ్చింది. నీళ్ళ పనులకు పేరున్న ఒక విదేశీ సంస్థ పేరు, దోసిట్లో నీటిచుక్క ఉన్న వాళ్ళ ముద్ర. మీ ప్రాంతపు పిల్లల కష్టం విని మా మనసు కలత చెందింది, మీ ఊరిని ఎంపిక చేశాం, యంత్రం ఓడలో బయలుదేరడానికి సిద్ధంగా ఉంది, నమోదు రుసుము కింద ఇంత మొత్తాన్ని ఢిల్లీలోని మా ప్రతినిధి పేరున డీడీ తీసి పంపండి అని. ఆ ఇంగ్లీషు ఎంత మర్యాదగా ఉందంటే నాకు చదువుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రుసుమన్న చోట నాకు అనుమానం రాకపోగా ధైర్యం వచ్చింది. వాటా అడుగుతున్నారు కదా, అయితే నిజమైనవాళ్ళేనని ఆ సాయంత్రం బస్సుకే ఊరికి పోయి బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి, ఇది మన ఊరి వాటా అని నేనే చదివి చెప్పాను. ఎవరూ నన్ను ఎదురు ప్రశ్న అడగలేదు. నేను టైపు ఇన్‌స్టిట్యూట్ మేడాన్ని కదా!

ఆ ఏడు వానలు వెనకబడి విత్తనం ఇంకా పడలేదు. ఊళ్ళో ఎవరి దగ్గరా చేతిలో చిల్లిగవ్వ లేదు గానీ ఇళ్ళల్లో విత్తనపు కాయలున్నాయి. కరువులో కూడా ముట్టకుండా, పస్తులుండి కూడా దాచుకునేవి అవి. మొదటి మూట పెద్దమ్మ తెచ్చి వరండాలో దించింది. వద్దని మా అన్న ఏదో గొణిగితే, "వానొస్తే ఇత్తనాలు యాడన్నా అడుక్కుంటాం. ఈ పిల్ల ఎముకలు ఎవురిని అడుక్కుంటాం రా?" అంది. దాంతో ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు పోయి మూటలు తెచ్చారు. తెల్లారి వాటిని ఉరవకొండ మండీలో అమ్మారు, నేను డీడీ తీసి రిజిస్టరు పోస్టులో పంపాను. యంత్రం వచ్చేలోగా దిమ్మె సిద్ధంగా ఉండాలని మగవాళ్ళు రాళ్ళు మోసి, బడి పక్కన నడుం ఎత్తు దిమ్మె కట్టి, దానికి సున్నం కూడా కొట్టారు. అంత అందమైన దిమ్మె మండలంలో ఇంకెక్కడా లేదనుకుంటాను.

మూడు వారాలకు రెండో ఉత్తరం వచ్చింది, రేవులో పన్ను కట్టాలని, మళ్ళీ డీడీ తీయమని. అది పట్టుకుని బ్యాంకుకు పోతే అక్కడి పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇలాంటివి ఇదివరకు పేపర్లో చదివానమ్మా, ఆ సంస్థవాళ్ళకూ దీనికీ సంబంధం ఉండదు, ఎవరో వాళ్ళ పేరు పెట్టుకుని ఆడే ఆట అన్నాడు. మొదటి డీడీ అప్పటికే మార్చేసుకున్నారు. ఆ బ్యాంకు మెట్లు ఎలా దిగానో నాకు గుర్తులేదు. అదే నెలలో, అంతవరకూ మొహం చాటేసిన వాన, ఎగతాళికి వచ్చినట్టు మూడు రోజులు కురిసింది. ఊరంతా పాసు పుస్తకాలు పట్టుకుని సర్కారు విత్తనాల వరసలో నిలబడింది, అందులో మోకాళ్ళు వంగిన మా పెద్దమ్మ కూడా ఉంది.

నన్ను ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "నువ్వేమన్నా తిన్నావా మ్మే? అందరమూ కలిసే నమ్మితిమి" అని పెద్దమ్మ నాకే అన్నం కలిపి పెట్టింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఊరంతా నా తప్పును పంచుకుంది. మనసు ఆగక, ఎవరి పేరు వాడుకున్నారో ఆ అసలు సంస్థ చిరునామా వెతికి పట్టుకుని, జరిగిందంతా, విత్తనపు కాయల సంగతీ పిల్ల కాళ్ళ సంగతీ దిమ్మె సంగతీ, పాత మిషను మీద మూడు పేజీలు టైపు చేసి, కింద ఎప్పటిలాగే నా ఈమెయిలు వేసి, విమానం తపాలాలో పంపాను. ఎన్నాళ్ళకూ జవాబు రాలేదు. రాదనే అనుకున్నాను.

నాలుగు నెలల తరువాత ఈమెయిలు తెరిస్తే దోసిట్లో నీటిచుక్క కనిపించింది. అదే పేరు, అదే ముద్ర. మీ ఉత్తరం చదివి మా మనసు కలత చెందింది అని మొదలైంది. ఆ దొంగ ఉత్తరం కూడా మనసు కలత చెందడంతోనే మొదలైంది. నాకు ఒళ్ళంతా మండిపోయింది. మళ్ళీ వచ్చారా, ఇంకేం మిగిలిందని వచ్చారు అని ఆ గదిలో గట్టిగానే అన్నాను కూడా, మిషను మీద కూర్చున్న అమ్మాయి తల తిప్పి చూసింది. రెండో పంక్తి చదవలేదు. తుడిచేశాను. పాలతో నోరు కాలినవాళ్ళు మజ్జిగ ఊదుకుని తాగుతారంటారు, నేను మజ్జిగ కుండనే పారబోశాను. ఆ రోజు ఇంటికి పోయి, ఇంక నన్ను మోసం చేసేవాడు పుట్టలేదని మా ఆయనతో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మరో రెండేళ్ళకు పొరుగూరికి నీళ్ళ యంత్రం వచ్చింది. తెరిచే రోజున చుట్టుపక్కలవాళ్ళంతా చూడపోతే నేనూ పెద్దమ్మతో పోయాను. యంత్రం మీద దోసిట్లో నీటిచుక్క. సంస్థ తరఫున వచ్చిన కుర్రాయన, హైదరాబాదు వైపు మనిషి, అందరినీ ఏ ఊరని పలకరిస్తూ మా దగ్గరికి వచ్చి, మా ఊరి పేరు వినగానే తన సంచిలోంచి ఒక ఫైలు తీశాడు. అందులో పైనే నా మూడు పేజీలున్నాయి. నా మిషన్లో ఇంగ్లీషు 'ఇ' అక్షరం ఎప్పుడూ కొంచెం కిందికి దిగి పడేది, దూరం నుంచే గుర్తుపట్టాను. ముందు మీ ఊరే అనుకున్నామండీ, వచ్చి చూస్తాం, సరేనంటూ ఒక్క మాట రాయండి చాలని ఈమెయిలు పెట్టాం, జవాబు లేదు, అక్కర తీరిపోయిందేమో అనుకుని మండలంలో అడిగితే ఈ ఊరు చూపించారు అన్నాడు. ఈ టైపు సెంటరు ఆవిడ మీకు తెలుసా అని కూడా అడిగాడు.

తెలీదన్నాను. అది మూసేసినట్టున్నారని కూడా అన్నాను. పెద్దమ్మకు చెవులు అప్పటికే సరిగా వినబడవు, ఆమె ఆ యంత్రం కింద పట్టిన గ్లాసు నీళ్ళు తాగి, నోట్లో కాసేపు ఉంచుకుని, "తియ్యగా ఉండాయి" అంది.

ఆ తరువాత పొరుగూరివాళ్ళు మంచి మనసుతో ఇంటికొక క్యాను ఇస్తే మా అన్న సైకిలు మీద తెచ్చేవాడు. పిల్లకు అప్పటికి ఏడు దాటింది. డాక్టరు చెప్పినట్టే అయింది. పెద్దమ్మ నన్ను దొంగలు మోసం చేశారన్న నమ్మకంతోనే పోయింది. ఇప్పుడు ఆ ఊళ్ళో కూడా నాణెం వేస్తే నీళ్ళొచ్చే డబ్బా ఉంది, మా వాళ్ళు కట్టిన దిమ్మె మీద మధ్యాహ్నాలు మేకలు పడుకుంటాయి. ఫోన్లలో దినామూ ఎవరో ఒకరు చెయ్యి చాపుతారు, మనం దినామూ తుడిచేస్తాం, చదివే ఓపిక ఎవరికీ లేదు, నాకు కూడా లేదు. విత్తనపు కాయలు తెచ్చి వరండాలో దించిన మనుషులు ఇంత తొందరగా ఇలా ఎలా అయ్యారని ఎవరైనా అడిగితే, మొట్టమొదట అలా అయింది నేనేనని చెప్పాల్సి ఉంటుంది. నమ్మినందుకు ఊరంతా నన్ను క్షమించింది, నమ్మనందుకు క్షమించమని అడగడానికి నాకు ఇప్పటికీ నోరు రాలేదు.

పోయిన వారం ఆ రోజు సెంటరు మూసే వేళదాకా నేను ఆ బల్ల మీదే కూర్చున్నాను. మేనకోడలు దినామూ తాళం వేసి, ఒక చెయ్యి గోడకు ఆనించి, వంగిన కాళ్ళతో ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి దిగుతుంది. చెయ్యి పట్టుకోనా అంటే "నాకు అలవాటే, నువ్వు నింపాదిగా దిగు అత్తా" అంటుంది. నేను ఎప్పుడూ ఆమెకన్నా ముందే, వెనక్కి చూడకుండా దిగేస్తాను.